శాశ్వత ఊరేగింపు

వీరమల్లవరం పురపాలక సంఘం చరిత్రలో ఒక నిర్ణయం, దాన్ని ఏ ఉద్దేశంతో తీసుకున్నారో ఆ ఉద్దేశాన్నే నెరవేర్చడం ఒక్కసారి జరిగింది. అంతటితో ఆగి ఉంటే ఈ వృత్తాంతం రాయవలసిన అవసరం కలిగేది కాదు.

ఆ నిర్ణయం ముప్ఫై. గంటకు ముప్ఫై కిలోమీటర్లు. పాత బస్టాండు నుంచి రైల్వే గేటుకు పోయే పెద్ద రోడ్డు పురపాలక ప్రాథమిక పాఠశాల ముందు మోచెయ్యిలా వంగుతుంది. ఆ వంపులో ఎదుటి బండి కనబడేసరికే మీదకొచ్చి ఉంటుంది. పాఠశాలలో నూట అరవైమంది పిల్లలు. వారిలో నూట పదిమంది ఇళ్లు పెద్ద రోడ్డుకు అవతల. కిందటేడు మూడో తరగతి పిల్ల ఒకతెకు అక్కడే కాలు విరిగింది. ఐదు నెలలు బడికి రాలేదు. ప్రధానోపాధ్యాయురాలు సుగుణమణి మేడమ్ రోజూ సాయంత్రం ఆ పిల్ల ఇంటికి వెళ్లి లెక్కలు చెప్పి, తిరిగి వచ్చే దారిలో పురపాలక కార్యాలయం బల్ల మీద ఒక అరగంట కూర్చునేవారు.

"నాక్కావలసింది ఒక బోర్డూ, దాని దగ్గర నిలబడే ఒక పోలీసూనండి. బండి ముప్ఫైలో వస్తే డ్రైవరుకి పిల్ల కనబడుతుంది, పిల్లకి బండి కనబడుతుంది. అంతకన్నా నేనేమీ అడగను" అని ఎవరు పలకరించినా అదే మాట చెప్పేవారు.

కమిషనర్ గరుడాచలం గారు అప్పుడే బదిలీ మీద వచ్చారు. ఏదో ఒకటి ప్రారంభించాలన్న ఉబలాటంలో ఉన్నారు. బోర్డు పెట్టించి రిబ్బను కత్తిరించారు. ఉదయం, సాయంత్రం ఒక కానిస్టేబులు నిలబడ్డాడు. అంతకు ముందు ఆర్నెల్లలో వంపు దగ్గర తొమ్మిది ప్రమాదాలు జరిగాయి. బోర్డు పెట్టాక ఆర్నెల్లలో రెండు జరిగాయి. ఆ రెండింటిలోనూ నష్టపోయింది ఒక కోడిపెట్ట, ఒక సైకిలు మడ్‌గార్డు. పిల్లలు రోడ్డు దాటుతున్నారు. సుగుణమణి మేడమ్ పురపాలక కార్యాలయానికి రావడం మానేశారు.

దరఖాస్తుదారు రావడం మానేస్తే కార్యాలయానికి తోచదు. రోడ్డు భద్రతా ఉపసంఘం సమావేశమయింది.

ఉపసంఘానికి గణాంకాధికారి హయగ్రీవశాస్త్రి గారు. ముప్ఫై ఏళ్లుగా జననమరణాల పట్టికలు వేసి వేసి, జీవితంలో ఒక్కసారి గ్రాఫు గీసే అవకాశం కోసం ఎదురుచూసిన మనిషి. ఆయన చతురస్రాల కాగితం పరిచారు. బోర్డుకు ముందు బండ్ల సగటు వేగం నలభై ఐదు, ప్రమాదాలు తొమ్మిది. బోర్డు తరువాత ముప్ఫై, ప్రమాదాలు రెండు. ఆ రెండు చుక్కలనూ స్కేలుతో కలిపి, స్కేలు జరిపి, గీతను ముందుకు పోనిచ్చారు.

"గీత ప్రకారం ఇరవై ఆరు దగ్గర ప్రమాదాలు సున్నా అవుతున్నాయండి. ఇరవై దగ్గర మైనస్ రెండున్నర. పది దగ్గర మైనస్ ఏడు."

కమిషనర్ గారు కళ్లజోడు సవరించుకున్నారు. "మైనస్ ఏడు ప్రమాదాలంటే ఏమిటి శాస్త్రిగారూ?"

"జరగవలసినవి జరగకపోవడమే కాకుండా, జరిగిపోయినవి కూడా తగ్గుతాయని అర్థం వస్తోందండి."

"పాతవి కూడానా?"

"నేననడం లేదండి. గీత అంటోంది."

కమిషనర్ గారు కాసేపు ఆ గీతను గౌరవంగా చూశారు. ఆయన ఉద్యోగ జీవితంలో వెనకటి తేదీ నుంచి అమలయ్యే ఉత్తర్వులు చాలా చూశారు గనక, వెనకటి తేదీ నుంచి అమలయ్యే భద్రత ఆయనకు అసంభవంగా కనబడలేదు. మొదట ఇరవై అన్నారు. పట్టణమంతటికీ వర్తిస్తుందన్నారు. నెల తిరిగేసరికి పది చేశారు. మరో పక్షానికి "ప్రజల నుంచి వస్తున్న విశేష స్పందనను దృష్టియందుంచుకొని" ఐదు చేశారు.

ఐదు దగ్గర ఒక సాంకేతిక సమస్య వచ్చింది. వేగం కొలిచే యంత్రం పది లోపు అంకెలు చూపదు. దానికి ఉపసంఘం సులభమైన పరిష్కారం కనిపెట్టింది. ఒక కానిస్టేబుల్ని టేపూ గడియారమూ పెట్టి నడిపించి, అతని నడక గంటకు సరిగ్గా ఐదు కిలోమీటర్లని ధ్రువీకరించి, అతన్ని పెద్ద రోడ్డు మీద నడవమన్నారు. అతన్ని దాటినవాడు పరిమితి దాటినవాడు.

మొదటి రోజు పొద్దున్నే దాటినవారు విశ్రాంత పోస్టుమాస్టరు సన్యాసిరావు గారు. కాన్వాసు బూట్లు వేసుకుని, చేతులు ఊపుకుంటూ, కానిస్టేబులు పక్కనుంచి వెళ్లిపోయారు.

"మాస్టారూ, ఆగండి. అతివేగం."

"నేను నడుస్తున్నానయ్యా."

"అదేనండి. నన్ను దాటి నడిచారు."

"నాకు షుగరు. డాక్టరు గారు నడవమన్నారు."

"నడవమన్నారు సరే, ఇలా నడవమన్నారా?"

సన్యాసిరావు గారు జేబులోంచి చీటీ తీశారు. అందులో 'రోజూ నలభై నిమిషాలు, చురుకుగా' అని ఉంది. కానిస్టేబులు దాన్ని రెండుసార్లు చదివి, డాక్టరు గారి పేరు కూడా పుస్తకంలో రాసుకున్నాడు. "మిమ్మల్ని తప్పుపట్టనండి. మిమ్మల్ని ప్రేరేపించిన వాళ్లున్నారు."

ఉపసంఘం ఈ విషయం మీద ఒక వివరణ జారీచేసింది: "పాదచారి సైతము రోడ్డు వినియోగదారుడే. వాహనము లేదను కారణముచే ఏ పౌరుడును వేగము విషయమున స్వేచ్ఛను కోరరాదు." సన్యాసిరావు గారు ఆ తరువాత తన డాబా మీద నడిచేవారు. డాబా పురపాలక పరిధిలోనిదా, కాదా అన్న సందేహం కొన్నాళ్లు ఆయన్ని బాధించింది.

ఐదులో సైకిలు నిలబడదు. ఊరంతా సైకిళ్లు పడ్డాయి. గీత ప్రకారం మైనస్ పది ఉండవలసిన చోట నిజమైన మోకాళ్లు నిజంగా దోక్కుపోతుండడంతో శాస్త్రిగారికి నిద్ర కరువయింది. పదిహేను రోజులు రికార్డు గదిలో కూర్చున్నారు. పదహారో రోజున దుమ్ము దులుపుకుని, ఇరవై రెండేళ్ల ప్రమాదాల రిజిస్టర్లు చంకన పెట్టుకుని నేరుగా కమిషనర్ గారి గదిలోకి వచ్చారు.

"దొరికిందండి. ఇరవై రెండేళ్లలో, ఊరేగింపు సాగుతున్న రోడ్డు మీద, ఊరేగింపు సాగుతున్నంతసేపు, ఒక్కటంటే ఒక్క రోడ్డు ప్రమాదం నమోదు కాలేదు."

అందుకు కారణం వీరమల్లవరంలో పుట్టి పెరిగిన ఎవరికైనా తెలుసు. పెళ్లి ఊరేగింపు పెద్ద రోడ్డెక్కితే, వెనక బస్సు డ్రైవరు ఇంజను ఆపి, దిగి, ఎదుటి హోటల్లో ఉప్మా పెసరట్టు చెప్పి, తిని, చెయ్యి కడుక్కుని వచ్చి ఎక్కినా పెళ్లికొడుకు గుర్రం ఆ హోటలు దాటి ఉండదు. కానీ తెలిసిన విషయానికి రిజిస్టరులో గడి లేదు.

"ఊరేగింపు ఉన్నప్పుడు జరగని ప్రమాదం మిగతా సమయాల్లో ఎందుకు జరుగుతున్నట్టు?" అన్నారు కమిషనర్ గారు.

"మిగతా సమయాల్లో ఊరేగింపు లేదు గనకండి."

"ఉంటే?"

మర్నాడు బ్యాండుమేళం మేస్త్రి మీరాసాహెబుకు కబురు వెళ్లింది. నాలుగు బాకాలు, రెండు డోళ్లు, ఒక క్లారినెట్టుతో ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో శుభాశుభాలు రెండింటినీ నడిపిస్తున్న మనిషి. ఎర్ర కోటు తొడుక్కునే వచ్చాడు.

"రోజూ వాయించాలి. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా. పెద్ద రోడ్డు మొత్తం" అన్నారు కమిషనర్ గారు.

"రోజూనా బాబుగారూ? పెళ్లెవరిదండి?"

"పెళ్లి కాదు."

మీరాసాహెబు గొంతు తగ్గించాడు. "పోయిందెవరండి?"

"ఎవరూ పోలేదు. పోకూడదనే ఈ కార్యక్రమం. ఇది ప్రజాభద్రత."

"వాయించమంటే వాయిస్తామండి. కానీ మా కుర్రాళ్లు అడుగు వెయ్యాలి గదండి. పెళ్లికో నడకుంది, శవానికో నడకుంది. భద్రతకి ఏ నడక నడవమంటారు?"

కమిషనర్ గారు శాస్త్రిగారి వైపు చూశారు.

"రెండింటి సగటు" అన్నారు శాస్త్రిగారు.

శాశ్వత ఊరేగింపు ఉత్తర్వులో పద్నాలుగు నిబంధనలున్నాయి. మొదటిది: పెద్ద రోడ్డు మీద సమస్త వాహనములును బ్యాండుమేళము వెనుక మాత్రమే పోవలెను. రెండవది: మేళమును దాటుట దేశాచారమునకును, భద్రతకును భంగకరము. మూడవది అందరినీ ఇబ్బంది పెట్టింది. ఊరేగింపన్నాక అందులో ఊరేగేవారు ఒకరుండాలి గనక, ప్రతి వాహనమూ 'ఊరేగింపబడు వ్యక్తి లేక వస్తువు' అన్న గడి నింపి, ఆ వ్యక్తికో వస్తువుకో దండ వెయ్యాలి.

బస్సు కండక్టరు 'నలభై ఏడుగురు ప్రయాణికులు, రెండు మేకలు' అని రాసి నలభై తొమ్మిది దండల కోసం ఆగిపోయాడు. పాలవ్యాను డ్రైవరు అప్పలకొండకు వ్యానులో వేరే మనిషి లేక తన మెడలోనే వేసుకున్నాడు. మొదటి రెండు రోజులు సిగ్గుపడ్డాడు. మూడో రోజు నుంచి అరుగుల మీద వాళ్లకు చేతులు జోడించసాగాడు. రెండో వారంలో, అడిగినవారికి మంచినీటి కుళాయి విషయం తాను చూసుకుంటానని చెబుతున్నాడు.

నూట రెండు డిగ్రీల జ్వరంతో అంబులెన్సు ఎక్కిన ఒకాయన, ఊరేగింపులో దండతో సాగి సాగి, ఆసుపత్రి గుమ్మం చేరేసరికి జ్వరం దిగి, ఆకలేస్తోందని ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. తిరుగు ప్రయాణంలో మళ్లీ వచ్చిందని ఇంటివాళ్లు చెబుతారు. ఉపసంఘం మొదటి సగాన్ని కార్యక్రమ ప్రయోజనాల జాబితాలో చేర్చింది.

పెద్ద రోడ్డు మీద ప్రమాదాలు సున్నా. శాస్త్రిగారికి నిద్ర పట్టింది.

లారీలకు మాత్రం రెండు రోజుల్లోనే వేరే దారి దొరికింది. పాఠశాల వెనక తూర్పు సందు ఉంది. లారీకి అటూ ఇటూ జానెడు ఖాళీతో బస్టాండు నుంచి రైల్వే గేటు దాకా తిన్నగా పోతుంది. అక్కడ మేళం లేదు, బోర్డు లేదు, కానిస్టేబులు లేడు. ఊరేగింపు భయంతో ఎటూ ఆలస్యమైన బండ్లు ఆ లోటంతా సందులో పూడ్చుకునేవి. అరవైకి తక్కువ వచ్చేవి కావు. పాఠశాలలో మిగిలిన యాభైమంది పిల్లలు ఆ సందు దాటే ఇంటికి పోవాలి.

పదకొండో రోజు సాయంత్రం రెండో తరగతి దావీదు పుస్తకాల సంచి లారీ కొక్కేనికి తగులుకుంది. సంచి అరవై గజాలు పోయింది. పిల్లవాడు ఆరు గజాలు పోయి గోడకు తగిలి పడ్డాడు. చెయ్యి రెండు చోట్ల విరిగింది. సుగుణమణి మేడమ్ వాణ్ణి ఆటోలో కూర్చోబెట్టుకుని, ఆ ఆటో పెద్ద రోడ్డు ఎక్కితే ఏమవుతుందో తెలిసి, వెనక పొలాల గట్టు మీదుగా ఆసుపత్రికి తీసుకుపోయారు. కట్టు కట్టించి, తల్లికి అప్పగించి, చిరిగిన సంచి పట్టుకుని కమిషనర్ గారి గదికి వచ్చారు.

"తూర్పు సందులో ముప్ఫై బోర్డు పెట్టించండి."

"ముప్ఫైయా?" కమిషనర్ గారి ముఖంలో నిజమైన బాధ కనబడింది. "అమ్మా, పట్టణమంతా గంటకు కిలోమీటరున్నర స్థాయికి ఎదిగిన దశలో మీరు ముప్ఫై అడుగుతున్నారా? ఒకనాడు ఈ ఉద్యమానికి స్ఫూర్తి ఇచ్చిన మీరే వేగాన్ని ప్రోత్సహిస్తే ఎలా?"

"పోనీ మీ ఊరేగింపే పెట్టండి. లారీ ఆగితే చాలు నాకు."

"అదీ సాధ్యం కాదమ్మా. అది రోడ్డు కాదు." గంట కొట్టి పట్టణ పటం తెప్పించి బల్ల మీద పరిచారు. "చూడండి. ఇది మీ బడి. వెనక నీలం గీత. మురుగు కాలువ."

"దాన్ని పూడ్చేసి పదకొండేళ్లయిందండి. ఊరంతా దాని మీద నడుస్తోంది."

"పూడ్చమని ఉత్తర్వు లేదు. ఉత్తర్వు లేకుండా పూడ్చిన కాలువ కాలువే. పైగా ఏటా వర్షాలకు ముందు దాని పూడిక తీసినట్టు పారిశుధ్య విభాగం నివేదికలున్నాయి."

"అందులో లారీలు తిరుగుతున్నాయండి."

"కాలువలో లారీ తిరగదమ్మా."

సుగుణమణి మేడమ్ సంచిని పటం మీద, నీలం గీత మీద పెట్టారు. సంచిలోంచి పలక ముక్కలు గలగలమన్నాయి. "మరి వీడి చెయ్యి ఎక్కడ విరిగిందంటారు?"

కమిషనర్ గారు శాస్త్రిగారికి కబురంపారు. ఆయన రిజిస్టరు తెచ్చి చదివారు: "దావీదు, ఏడేళ్లు. కాలువలో పడుట. పారిశుధ్య విభాగమునకు బదిలీ చేయడమైనది."

"కాబట్టి రోడ్డు ప్రమాదాలు సున్నాయే" అన్నారు కమిషనర్ గారు ఊరటతో. "వచ్చే గురువారం రాజధాని నుంచి ముగ్గురు సభ్యుల మూల్యాంకన బృందం వస్తోందమ్మా. శూన్య ప్రమాద పట్టణంగా మనకు గుర్తింపు రాబోతోంది. మీరు ముందు వరసలో కూర్చోవాలి."

ఆవిడ సంచి తీసుకుని మెట్లు దిగారు. కింద అంతస్తులో పారిశుధ్య విభాగం ఉంది. ఇన్‌స్పెక్టరు ఏసుపాదం లేచి నిలబడి కుర్చీ జరిపాడు.

"ఏసుపాదం గారూ, తూర్పు కాలువ పూడిక ఏటా తీయిస్తున్నారటగా."

"ఔనండి. క్రమం తప్పకుండా నివేదిక పంపుతున్నామండి."

"తీసిన మట్టి ఎక్కడ పోస్తున్నారు?"

ఏసుపాదం తన కలం మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"గురువారం పైనుంచి వస్తున్నారట. పటం చేతిలో ఉంటుంది. ఈ నీలం గీత ఏదమ్మా అని అడిగితే పక్కనే బడి గనక నన్నే అడుగుతారు. నాకు అబద్ధం రాదు. ఈ వయసులో నేర్చుకోలేను."

"మేడమ్, నేను మీ దగ్గరే చదువుకున్నానండి."

"తెలుసురా. హోంవర్కేదంటే రేపు చూపిస్తాననేవాడివి. నేను ఊరుకునేదాన్నా?"

"లేదండి."

"బుధవారం సాయంత్రం దాకా టైముంది."

సోమవారం తెల్లవారేసరికి రెండు పొక్లెయిన్లు తూర్పు సందులో దిగాయి. పదకొండేళ్లలో తీయవలసిన పూడికంతా మూడు రోజుల్లో తీశారు. సందు పోయి ఆరడుగుల లోతు కాలువ వచ్చింది. పాఠశాల వెనక గుమ్మానికి అవతలి గట్టుకి మధ్య నడవడానికి ఒక దుంగల వంతెన వేయించారు మేడమ్, దగ్గర నిలబడి. బుధవారం మధ్యాహ్నం పొక్లెయిను ఒకటి పాఠశాల మూల తిరిగి పెద్ద రోడ్డు అంచున ఆగింది. డ్రైవరు ఇంజను ఆపబోతే, గొడుగు పట్టుకుని నిలబడ్డ మేడమ్ చేతిలో పటం విప్పారు.

"బాబూ, గీత ఇక్కడ ఆగలేదు. వంపు దగ్గర రోడ్డు దాటి అవతలికి పోయింది."

ఏసుపాదం పటం చూశాడు. నిజమే, పోయింది. నివేదిక ప్రకారం తీయాలంటే పూర్తిగా తీయాలి. బడి ముందు పెద్ద రోడ్డును అడ్డంగా కోసి, సాయంత్రానికి బండ్లు పోవాలి గనక కోత మీద పాత మార్కెట్టు తాలూకు రాతిపలకలు పరిపించాడు. పలకలు మందమైనవి. రోడ్డు కన్నా జానెడు ఎత్తున నిలిచాయి. 'తాత్కాలిక ఏర్పాటు' అని సుద్దతో రాయించాడు. మేడమ్ ఆ గీత చూపించడంలో ఉద్దేశమేమిటో నాకు తెలియదు. ఆవిడను అడిగినవారెవరికీ ఆవిడ చెప్పలేదు.

గురువారం నాటికి సందు మూసుకుపోయిన లారీలన్నీ పెద్ద రోడ్డెక్కాయి. ఊరేగింపు పొడవు నాలుగు కిలోమీటర్లయింది. ఉదయం పది గంటలకు మూల్యాంకన బృందం కారు దాని తోక పట్టుకుంది. దండలు అమ్మే మనిషి అద్దం కొట్టి మూడు దండలు, మూడు పత్రాలు లోపలికి ఇచ్చాడు. మీరాసాహెబు సగటు బాణీ వాయిస్తున్నాడు. పెళ్లిలా మొదలై ప్రతి చరణం చివరా ఎవరో పోయినట్టు ముగుస్తుంది. భోజనాల వేళ దాటింది. బృందం నాయకురాలు కారు దిగి నడిచి వెళ్లిపోదామని చూశారు. సరిగ్గా ఐదు కిలోమీటర్ల కానిస్టేబులు ఆవిణ్ణి వెనక్కి పంపాడు.

సాయంత్రం నాలుగున్నరకు, మెడలో వాడిన దండతో, ఆవిడ కార్యాలయం మెట్లెక్కారు. కమిషనర్ గారు ఇంకో దండ పట్టుకుని ఎదురు వచ్చారు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"మీ ఊళ్లో ప్రమాదాలు జరగవంటే నేను నమ్ముతున్నానండి. ప్రమాదం జరగాలంటే ముందు ఏదో ఒకటి జరగాలి కదా" అని, మంచినీళ్లు తాగి, వెనక పొలాల గట్టు ఎటో అడిగి వెళ్లిపోయారు.

శుక్రవారం అత్యవసర సమావేశం జరిగింది. పురపాలక పరిధిలో ఊరేగింపు, ఐదు, పది, ఇరవై, ముప్ఫై సహా సమస్త వేగపరిమితులు రద్దు చేస్తూ ఏకగ్రీవంగా తీర్మానించారు. సుగుణమణి మేడమ్ గుమ్మంలో నిలబడ్డారు.

"ముప్ఫై ఉంచండి. అది పనిచేసిందండి."

"వేగపరిమితి అనే సిద్ధాంతమే ఈ పట్టణంలో విఫలమైందమ్మా. ముప్ఫై అందులో భాగం."

"జ్వరానికి ఒక మాత్ర వేస్తే తగ్గింది. మీరు సీసా అంతా మింగించారు. ఇప్పుడు మాత్రదే తప్పంటున్నారు."

"పోలికలు సమావేశం మినిట్సులో నమోదు చేయడానికి వీలు లేదమ్మా" అన్నారు కమిషనర్ గారు, కొంత సానుభూతితోనే.

ఆ సాయంత్రమే బోర్డు పెరికేశారు. కానిస్టేబుల్ని వేరే పనికి మళ్లించారు.

సోమవారం ఉదయం సుగుణమణి మేడమ్ బడి గుమ్మంలో నూట పదిమంది పిల్లలకు ఎదురుచూస్తూ, ఒక్కరే, వంపు దగ్గర నిలబడ్డారు. బస్టాండు వైపు నుంచి పరిమితుల్లేని మొదటి బస్సు వచ్చింది. వంపులో రాతిపలకలు చూసి డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. బస్సు ఒక చక్రం ఎక్కించి, దించి, ఇంకో చక్రం ఎక్కించి, దించి, గర్భిణీ స్త్రీలా దాటింది. దాని వెనక లారీ అంతకన్నా మెల్లిగా దాటింది. అది దాటుతున్నంతసేపు రోడ్డుకు అవతల పిల్లలు ఆగారు. అది దాటాక పిల్లలు దాటారు. ముప్ఫై మాట అటుంచి, ఎంత తొందరున్నవాడూ ఆ పలకల మీదికి పదిహేనుకు మించి రాలేకపోయాడు.

ఆ సౌఖ్యం తొమ్మిది రోజులు నిలిచింది. పదో రోజు పురపాలక ఛైర్మన్ గారి కొత్త కారు అడుగుభాగం పలకకు తగిలి గీసుకుపోయింది. మర్నాడు పదింటికల్లా పలకలు తీసేసి, కోత పూడ్చి, తారు వేసి చదును చెయ్యాలని ఇంజనీరుకు ఆజ్ఞ అయింది.

సుగుణమణి మేడమ్ ఆ కబురు విని, తెల్లకాగితం తీసుకుని అర్జీ రాయడం మొదలుపెట్టారు. పక్కన కూర్చున్న సహాయ ఉపాధ్యాయిని పద్మలత తొంగి చూసింది.

"అదేంటి మేడమ్? 'బడి ముందు రాతిపలకలు తక్షణమే తొలగించవలసినది' అనా? మీరే అడుగుతున్నారా?"

"పూర్తిగా చదువు."

"'ఈ పని ఇంజనీరింగు విభాగానిదో, కాలువ అయినందున పారిశుధ్య విభాగానిదో నిర్ణయించి లిఖితపూర్వకముగా తెలుప ప్రార్థన.' రెండు విభాగాలకీ చెరో ప్రతి." పద్మలత తల ఎత్తింది. "నాకు అర్థం కాలేదు మేడమ్."

"వాళ్లంతట వాళ్లు చేసే పనిని ఎవరూ ఆపలేరు. అర్జీ వచ్చిన పని వేరు. అది పరిశీలనకు పోతుంది. పరిశీలనలో ఉన్న దాన్ని ఏం చెయ్యాలి?"

పద్మలత ఆలోచించింది. "తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"ఎవరిదో తేలాలంటే ముందు అది రోడ్డో కాలువో తేలాలి" అని మేడమ్ సంతకం చేసి, పద్మలతకు బడి అప్పగించి, సాయంత్రం ఐదు లోపల రెండు చోట్లా ముద్ర వేయించుకు వచ్చారు.

మర్నాడు తొమ్మిదింటికి తారు లారీ వచ్చి పలకల పక్కన ఆగింది. కూలీలు గునపాలు దించుతుండగా కార్యాలయం గుమాస్తా సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "ఆపండి బాబూ. ఫైలయింది." పొగలు కక్కుతున్న తారును వాళ్లు ఎక్కడికో వెనక్కి తీసుకుపోయారు. ఛైర్మన్ గారు తన కారుకు దారి మార్చుకున్నారు.

ఇంజనీరింగు విభాగం అది పటం ప్రకారం కాలువ గనక తమది కాదని రాసింది. పారిశుధ్య విభాగం, కాలువ మీద బస్సులు పోవు గనక తమది కాదని రాసింది. రెండు లేఖలూ న్యాయ సలహాకు వెళ్లాయి. ఈలోగా శాస్త్రిగారు కొత్త కాగితం పరిచారు. వేగపరిమితులు రద్దయిన నాటి నుంచి వంపు దగ్గర ప్రమాదాలు సున్నా అని తేలింది. పరిమితులు లేకపోవడమే భద్రతకు మూలమని గరుడాచలం గారు ఒక పత్రం సమర్పించి, పదోన్నతి మీద పెద్ద పట్టణానికి వెళ్లారు. అక్కడి బోర్డులన్నీ పెరికిస్తున్నారని విన్నాను.

సుగుణమణి మేడమ్ ప్రతి మూడు నెలలకూ రెండు విభాగాలకూ జ్ఞాపక లేఖ పంపుతారు. ఇంతకాలమైనా పలకలు తొలగించకపోవడం శోచనీయమని అందులో రాస్తారు. మొన్నటిదానికి వచ్చిన జవాబు నాలుగో తరగతి గది బల్ల మీద ఉండగా నేను చూశాను: 'మీ అర్జీ అత్యంత శ్రద్ధతో పరిశీలించబడుచున్నది.' ఆవిడ దాన్ని ఒకటికి రెండుసార్లు చదివారు, తేదీ చూసుకున్నారు, గంట కొట్టమన్నారు. పిల్లలు రోడ్డు దాటారు.